పన్నెండో గదిలో సైగల భాష

యూనివర్సిటీలో ఏ విభాగంలో ఏ కోర్సు ఉందో, ఎవరు చెబుతారో, ఏ గదిలో చెబుతారో రాసి ఏటా ఒక పుస్తకం వేస్తారు. ఇరవై రెండేళ్లుగా దాన్ని తయారుచేసేది ఆఫీసులో ఒక గుమాస్తా. ఒక్క కామా తప్పినా సరే, ఎంత పెద్ద ప్రొఫెసరు పంపిన జాబితానైనా మొహమాటం లేకుండా తిప్పి పంపేవాడు. అందుకే అందరూ ఆయన్ని చాటుగా కామాగారు అనేవారు. ఆయనకి ఆ సంగతి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడాను.

ఆయన భార్య అక్కడే, విద్యా విభాగంలో సైగల భాష చెప్పేది. ఆవిడ తమ్ముడికి పుట్టుకతోనే చెవుడు. అతనితో కబుర్లాడాలని చిన్నప్పుడే ఆ భాష పట్టుబట్టి నేర్చుకుంది. తమ్ముడు యూనివర్సిటీ ప్రెస్సులో పనిచేసేవాడు. బావ రాసిన పుస్తకం అచ్చు వేసేది అతనే. మధ్యాహ్నం ముగ్గురూ ప్రెస్సు వెనక వరండాలో క్యారియర్లు విప్పేవారు. ఇటు మాట అటు, అటు సైగ ఇటు చేరవేస్తూ ఆవిడ విసుక్కునేది.

"మీ ఇద్దరి మధ్యా నా అన్నం చల్లారిపోతోంది. మీరూ నేర్చుకోరాదూ?"

"నువ్వున్నావుగా," అనేవాడాయన.

ఒక వేసవిలో ఆవిడకి మెదడులో నరం చిట్లింది. రెండు రోజుల్లో పోయింది.

నెల తిరక్కుండానే పుస్తకం పని నెత్తిన పడింది. భూగర్భశాస్త్రం మొదలు సంగీతం దాకా అన్నీ దిద్దేశాడు. విద్యా విభాగం పంపిన జాబితాలో, చెప్పేవాళ్లు లేరని సైగల భాష మీద అడ్డంగా కొట్టిన ఎర్రగీత కనిపించింది. అక్కడ చేయి ఆడలేదు. చివరికి ఆ గీత లేనట్టే కోర్సూ, ఆవిడ పేరూ, పన్నెండో గదీ రాసి ప్రెస్సుకి పంపేశాడు. బావమరిది ప్రూఫులో అక్క పేరు మీద వేలు ఆనించి బావ వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు. అతనూ దాన్ని ముట్టుకోలేదు.

క్లాసులు మొదలైన మూడో రోజు, గదులు ఊడ్చే ఆవిడ ఆఫీసుకొచ్చింది.

"సార్, అమ్మగారి క్లాసని ఐదుగురు పిల్లలు రోజూ వచ్చి కూర్చుని పోతున్నారండీ. చెబుదామంటే నాకు నోరు రాలేదు."

ఆయనే వెళ్లాడు. ముందు బెంచీలో ఒకమ్మాయి కొత్త నోటుబుక్కు తెరిచి పెట్టుకుంది.

"మేడం సెలవులో ఉన్నారా అండీ?"

"లేదమ్మా. ఆవిడ పోయింది, వేసవిలో. పుస్తకంలో పేరు నేనే ఉంచాను. తప్పు నాది."

ఆ అమ్మాయే మెల్లగా అంది: "మా అమ్మకి ఈమధ్య వినికిడి పూర్తిగా పోయిందండీ. ఈ కోర్సు ఉందనే ఇక్కడ చేరాను."

ఆయన బెంచీ పట్టుకుని నిలబడ్డాడు. తన దుఃఖం తనదే అనుకున్నాడు గానీ, అది ఇంకొకరి ఇంటిదాకా వెళుతుందనుకోలేదు.

ఆ సాయంత్రమే తప్పు ఒప్పుకుంటూ రిజిస్ట్రారుకి కాగితం ఇచ్చాడు.

"ఇన్నేళ్లలో ఒక్క అచ్చుతప్పు లేదు మీకు. ఇదేమిటండీ?"

"అచ్చుతప్పు కాదండీ. తెలిసే చేశాను."

రిజిస్ట్రారు మందలించి, పుస్తకం పని మరొకరికి అప్పగించి, ఆయన్ని పరీక్షల విభాగానికి మార్చాడు. నలుగురు విద్యార్థులు వేరే కోర్సులకి మారిపోయారు. సైగల భాష మళ్లీ పెట్టలేదు.

కాగితం ఇచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన ఒక చీటీ రాసి బావమరిదికిచ్చాడు: 'వాళ్లమ్మ కోసం సైగలు నేర్చుకోవాలని ఒకమ్మాయి వచ్చింది. నువ్వు నేర్పుతావా?' అతను గబగబా తలూపాడు. చొక్కాకి అంటిన సిరా తుడుచుకుని, అప్పుడే బయల్దేరుదామన్నాడు సైగతో. అతన్ని ఉండమని, ఆయన ముందుగా అడ్మిషన్ల కిటికీ దగ్గరికి వెళ్లి అడిగాడు.

"ఆ అమ్మాయా? నిన్న సాయంత్రమే సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయిందండీ," అంది లోపలి గుమాస్తా. "అడ్రసు ఉంటే ఇవ్వమ్మా," అని ఆయన అడిగి తీసుకుని, అందులో ఉన్న ఊరికి రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు.

కిటికీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఆ రోజున, ప్రెస్సు గుమ్మంలో ఎదురుచూస్తున్న బావమరిదికి ఎలా చెప్పాలో తెలియక, 'వెళ్లిపోయింది' అని రాసి చూపించాడు. అతను చాలాసేపు ఆ ఒక్క మాటే చదివాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.