తిడితే గానీ కదలని బాతులు

పొద్దున్నే లేవగానే ఆవిడ రెండు పనులు చేసేది. మొదట దేవుడికి దణ్ణం పెట్టుకునేది. ఆ తరవాత బాతుల్ని తిట్టేది. ఈ వరస ఎన్నడూ తప్పలేదు. దణ్ణం పెదవి దాటేది కాదు గానీ, తిట్లు మాత్రం వీధి చివర టీకొట్టు దాకా వినపడేవి. టీకొట్టాయన ఆ గొంతు విన్నాకే పొయ్యి వెలిగించేవాడు. ఆగిపోయిన గడియారాన్ని బాగుచేయించుకోవడం కూడా మానేశాడు.

"ఏమే తెల్లమెడదానా! ఇంకా తెల్లారలేదా తమరికి? పల్లకీ పంపించాలా? నిన్న మడిలో ఓ మూల పనిచేసి మిగతాదంతా షికారు తిరిగావు, నేను చూళ్లేదనుకున్నావా? ఒసే కుంటిదానా, దాని వెనక నక్కుతావేంటి? నువ్వేమన్నా తక్కువ తిన్నావా?"

బాతులు మెడలు సాచి, తలలాడిస్తూ శ్రద్ధగా వినేవి. ఎవరి తిట్టు వాళ్లకు అందగానే లేచొచ్చి వరసలో నిలబడేవి. తెల్లమెడదానికి మాత్రం అందరికంటే ఎక్కువ పడాలి. ఏ రోజైనా తగ్గిందా, అలిగి నీళ్లతొట్టి వెనక్కి పోయి కూర్చునేది. అప్పుడావిడ చేతిలో పని ఆపుకుని వెనక్కొచ్చి, దానికోసమని అప్పటికప్పుడు కొత్త తిట్లు కట్టేది. బుజ్జగించడానికి ముద్దుమాటలు వాడేవాళ్లు లోకంలో బోలెడుమంది ఉంటారు. తిట్టి బుజ్జగించే ఓపిక భగవంతుడు ఆ ఒక్క తల్లికే ఇచ్చాడు.

వీధిలో అందరూ ఆవిడను మైకమ్మ అనేవాళ్లు. వరిపొలాల్లో కలుపుతీసే ఆడవాళ్ల ముఠాకు ఆవిడే మేస్త్రి. నడుం వంచి పొద్దుగూకేదాకా బురదలో నిలబడే పని అది. సాయంత్రం లేచి నిలబడదామన్నా నడుం మాట వినేది కాదు. "నా ఎత్తెంతో మా ఆయన కూడా మర్చిపోయుంటాడు" అని నవ్వేది.

పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఒకమ్మాయి ఆవిడ నడుం చూసి జాలిపడి, గంపెడు బాతుపిల్లల్ని తెచ్చిచ్చింది. నాటు కుదురుకున్నాక వీటిని మడిలోకి వదిలితే లేత కలుపునీ పురుగుల్నీ తినేస్తాయని, కాళ్లతో బురద కెలికి మిగతా కలుపును మొలవనివ్వవని, కంకి వేసేలోపు బయటికి తోలుకుంటే వరికి ఏ నష్టమూ ఉండదని చెప్పింది. ఆవిడ ఆ గంపను గట్టుమీద పెట్టుకుని పనిచేసేది. పాపం ఆ పిల్లలు లోకంలోకొచ్చి విన్న మొదటి మాటలు మైకమ్మ తన ముఠాను కేకలేసే మాటలు. తల్లిభాష అదే కాబోలనుకున్నాయి. అది మొదలు, తిడితేనే కదిలేవి.

ఇంట్లో ఇంకో ఇద్దరుండేవారు. భర్త సైకిళ్లు బాగుచేసేవాడు. ఎంత మెత్తని మనిషంటే, బిగుసుకుపోయిన నట్టును విప్పబోతూ కూడా "కాస్త రావమ్మా" అనేవాడు. పాత సైకిలు చక్రాలు బిగించి బాతులకొక బండి చేసిపెట్టాడు. రెండోది అత్తగారు. గంపలో బాతుల్ని చూసిన రోజున ఆవిడ వంటింటి గడపలో నిలబడి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆ బాతులు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా నోటమ్మట మాట రాదు" అని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకోవడమేం, నిలబెట్టుకుంది కూడా. అప్పట్నుంచి ఇంట్లో గిన్నెలే మాట్లాడేవి. మూత ఠంగున పడితే అన్నం ఉడికిందని. గరిటె గోడకు తగిలితే కొడుకు ఇంకా రాలేదని. పళ్లెం గిర్రున తిరిగి తిరిగి ఆగిందంటే, కోడలు చేసిందేదో నచ్చలేదని. ఆ పళ్లెం సొట్టలు పడి సొట్టలు పడి చివరికి చాటలా తయారైంది.

అత్తగారి నోరు ఒకప్పుడు సామాన్యమైనది కాదు. కోడలి గొంతు పెద్దదైతే, అత్తగారి తిట్లకు పనితనం ఎక్కువ. అలాంటి నోరు మూతబడి నెలలైంది. అయినా మధ్యాహ్నం ఎవరూ చూడకుండా దడిసందులోంచి కూరముక్కల తొక్కలూ, నూకలూ లోపలికి తోసేది. బాతులు బలిసిపోతుంటే కోడలికి అర్థమైంది గానీ అడగలేదు. అడిగితే ఆ పళ్లెం కూడా మిగలదు.

అంతా బాగుందనుకునే వేళకు ముఠా ఆడవాళ్లు మైకమ్మను టీకొట్టు దగ్గర చుట్టుముట్టారు.

"ఏమక్కా, మా నోటికాడి కూడు బాతుల నోట్లో పెడదామని చూస్తున్నావా?" అంది పొడుగామె. ముఠాలో ఆవిడ మాటే ముందు. "కలుపు అవే తీసేస్తే మమ్మల్నెవరు పిలుస్తారు? మేం కూడా ఈకలు పెంచుకోవాలా?"

మైకమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తన నడుం సంగతి చూసుకుంది గానీ వీళ్ల పొయ్యి సంగతి తట్టలేదు. చేతిలో టీగ్లాసు బల్లమీద పెట్టేసింది. తరవాత అంది, "బాతులు కూలీలైతే మనం మేస్త్రీలమవుదామే! తలా కొన్ని పెంచుదాం. ఎకరానికింతని పొలం ఒప్పుకుందాం. కూలి మనకే వస్తుంది, గుడ్లూ మనవే, నడుమూ మనదే."

"నడుం మనదేనా? నేనెప్పుడో పొలానికి రాసిచ్చేశాననుకున్నా" అంది పొడుగామె. అందరూ నవ్వారు. నవ్వారంటే ఒప్పుకున్నట్టే.

అయితే ఒప్పుకోవలసిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. కాలవ కింద పెద్ద పొలమంతా రైసుమిల్లాయనది. ముఠాకు సగం పని అక్కడే. ఆయన ఈసారి కలుపుమందు కొట్టిద్దామని డబ్బాలు తెచ్చి వరండాలో పెట్టుకున్నాడు. మందు కొడితే ఆడవాళ్లకూ పనుండదు, బాతులకూ ఉండదు. బాతుల్ని అమ్మేసి, పనికోసం పొరుగూళ్లు పట్టిపోవలసిందే.

మైకమ్మ భర్తను వెంటబెట్టుకుని వెళ్లింది. మిల్లాయన ఆవిడకేసి చూడకుండా భర్తతో మాట్లాడాడు.

"ఏమోయ్ సైకిళ్లాయనా, నేను మాట్లాడితే మగాళ్లతోనే మాట్లాడతాను. ఆడవాళ్లూ బాతులూ ఒకటే, ఇద్దరూ చెప్పినమాట వినరు. ఎల్లుండి పొద్దున వాటిని ఈ గట్టున దింపి, ఆ గట్టున ఎక్కించు చూద్దాం. పక్క మడిలోకి ఒక్కటి పోయినా మందు కొట్టించేస్తా."

"బాతులు మా ఆవిడవండీ. నావి చక్రాలు మటుకే" అన్నాడు భర్త.

మర్నాడంతా మైకమ్మ బాతుల చేత కవాతు చేయించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిట్టింది. తెల్లమెడది ఆనందంతో రెక్కలు కొట్టుకుంది. పొద్దుగూకేసరికి ఆవిడ గొంతు తలుపు కిర్రుమన్నట్టయింది. పొడుగామె అల్లం తెచ్చింది, టీకొట్టాయన తేనె పంపాడు, పక్కింటి ముసలాయన ఉప్పునీళ్లు పుక్కిలించమని దగ్గర కూర్చుని తనే పుక్కిలించి చూపించాడు. అందరి దయా ఒకే గొంతులో పోసుకుని ఆవిడ పడుకుంది.

పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. దొడ్లోకొచ్చి నోరు తెరిచింది. గాలొచ్చింది. అంతే. మళ్లీ ప్రయత్నిస్తే పంక్చరైన ట్యూబు శబ్దం వచ్చింది. బాతులు కాసేపు చూసి, ఇవాళ సెలవనుకుని కూర్చున్నాయి. వీధి చివర టీకొట్టు పొయ్యి కూడా వెలగలేదు.

ఎలాగో ఎత్తి బండెక్కించుకుని పొలం చేరారు. గట్టుమీద మిల్లాయన కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. బాతుల్ని దింపారు. దింపినచోటే కూలబడ్డాయి.

భర్త గుండె దిటవు చేసుకున్నాడు. భార్య పొలంలో వేసుకునే పాత చొక్కా తొడుక్కుని, ఆవిడ తలగుడ్డ చుట్టుకుని ముందుకొచ్చాడు. చొక్కా పొట్ట దగ్గర ఆగిపోయింది. ఆవిడ అతని చెవిలో గుసగుసగా తిట్లు అందించడం మొదలుపెట్టింది.

"చెవిటి పీనుగుల్లారా, లేవండే! అను" అంది.

"అమ్మా... కాస్త వినపడుతోందాండీ?" అన్నాడతను బాతులతో.

"తిండికి ముందు, పనికి వెనకా! అను."

"ముందు భోంచేశారా అండీ?"

ఆవిడ తల పట్టుకుంది. "తెల్లమెడదాని మెడ విరుస్తాననవయ్యా!"

అతను తెల్లమెడదాని కళ్లలోకి చూశాడు. "మీ మెడ చాలా బాగుందండీ" అన్నాడు. తెల్లమెడది అలిగి వెనక్కి తిరిగి కూర్చుంది.

పొడుగామె ముందుకొచ్చి అరిచింది. ఒక బాతు లేచింది గానీ నేరుగా వెళ్లి మిల్లాయన బూటు లేసు పీకి, కలుపే కాబోలనుకుని మింగబోయింది. ఆయన కాలు ఝాడించి, "చాల్లే చూశాం! మందు డబ్బాలు తెప్పిస్తా" అని గొడుగు ముడవబోయాడు. ఆడవాళ్ల మొహాలు వాడిపోయాయి. మైకమ్మ కళ్లు మూసుకుంది. దేవుణ్ణి తన గొంతు అడగలేదు, ఎవరిదో ఒకరిది పంపమంది.

సరిగ్గా అప్పుడే గట్టు మలుపులో అత్తగారు కనపడింది. చేతిలో మూతపెట్టిన గ్లాసు. కోడలి గొంతుకని మిరియాలు వేసి కాచిన పాలు, ఒలకకుండా, అడుగులో అడుగేసుకుంటూ ఇంటి దగ్గర్నుంచి అంత దూరం మోసుకొచ్చింది. మూత మీద వేలు పెట్టి, "తాగు" అన్నట్టు టక్కుమనిపించింది. ఇంతలో అలిగిన తెల్లమెడది అడ్డం పడింది. అత్తగారు తూలింది. పాలు బురదపాలయ్యాయి.

దాంతో నెలల తరబడి మూతబడిన ఆ నోటి గేటు తెరుచుకుంది.

"ఓసి నీ ముక్కు పలకలా అరిగిపోను! పొద్దున లేచి కాచిన పాలే! నీకు నూకలేసి పెంచింది ఇందుకా? నడవడం చూడు, కొత్త చెప్పులు కరిచినదానిలా! ఏమే, మిగతా దొరసానుల్లారా, తమాషా చూస్తున్నారా? మీ అమ్మ గుడ్డు పెట్టి మర్చిపోయిందిగానీ, నేను మర్చిపోతానా? దిగండి మడిలోకి!"

బాతులన్నీ ఒక్కసారి లేచి మెడలు నిక్కించాయి. కోడలు కేకలే పెట్టేది. ఇలా ఆనవాళ్లతో సహా అల్లిన తిట్లు వాటి జన్మలో వినలేదు. తెల్లమెడది ముందు నడిచింది. మిగతావి దాని వెనక బారు తీరి, వరిమొక్క వంగకుండా, అటూ ఇటూ కలుపు పీక్కుతింటూ ఈదుకుపోయాయి. అత్తగారు గట్టు వెంబడే తిడుతూ నడిచింది. దారిలో కుర్చీ అడ్డమొచ్చింది.

"ఏమయ్యా గొడుగాయనా! కాళ్లు బార్లా చాపి కూర్చున్నావు, నీకు వేరే చెప్పాలా? లే! నడువు!"

మిల్లాయన లేచాడు. కుర్చీ ఒక చేత, గొడుగు ఒక చేత పట్టుకుని, బాతుల వరసకు సమంగా ఆ గట్టు చివరిదాకా మారు మాట్లాడకుండా నడిచాడు. పక్క మడిలోకి ఒక్కటీ పోలేదు, ఆయనతో సహా. చివరన ఆగి వెనక్కి తిరిగి చూసుకుంటే, బాతులు నడిచిన మేరంతా నీళ్లు బురదబురదగా ఉన్నాయి, లేతకలుపు కనపడలేదు.

"ఒప్పందం... ఎవరితో మాట్లాడాలమ్మా?" అన్నాడు నెమ్మదిగా, ఆడవాళ్లకేసి తిరిగి.

మైకమ్మకు గొంతు లేదు కదా, ముఠా అంతా ఒక్కసారే మాట్లాడింది. ఆయన అన్నిటికీ తలూపాడు. చొక్కా విప్పుకోలేక అవస్థపడుతున్న భర్తను ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు వంటింట్లో కూర్చుని మళ్లీ పాలు కాచింది. "నేను ఒట్టు తప్పలేదు. నీ బాతే తప్పించింది" అంది పొయ్యితో మాట్లాడుతున్నట్టు. కోడలు గ్లాసు అందుకుని తాగింది. దారిలో చూపించుకుంటే, సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ కొన్నాళ్లు గొంతెత్తొద్దని గట్టిగా చెప్పింది. రేపట్నుంచి మిల్లాయన పొలమంతా ముందుంది. అడగాలంటే మాట పైకి రాదు. పక్కనే ఉన్న సొట్టల పళ్లెం తీసి, అత్తగారి భాషలోనే దాన్ని నేలమీద గిర్రున తిప్పింది. ఆవిడ తిరిగి చూసింది. కోడలు దగ్గరగా జరిగి, చెవిలో గాలిలా అడిగింది.

"అత్తయ్యా, రేపట్నుంచి పొద్దున్నే నా బదులు మీరు కాస్త తిట్టిపెడతారా? తెల్లమెడదానికి మాత్రం ఓ రెండు ఎక్కువ పడనివ్వండి. లేకపోతే అలుగుతుంది."