అక్క చేసిన బాసింగం

నా చిన్నప్పుడు మా తాండూరు వీధిలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, వాళ్ళు ముందుగా వచ్చి తట్టేది మా పక్కింటి అక్క వాళ్ళ తలుపే. పందిరి అలంకరణను అద్దెకు తెచ్చుకునే రోజులు కావవి. ఇంట్లో ఉన్నదాంతో ఎవరిది వాళ్ళు చేసుకునేవారు, చేతకానివాళ్ళు అక్కను పిలుచుకునేవారు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. పెళ్ళయ్యాక ఓ గిన్నెడు బూందీ పంపిస్తే అది మా వీధి పిల్లల పాలయ్యేది.

ఆమె సామానంతా జనం పారేసేదే. చిరిగిన పతంగుల కాగితం, సిగరెట్టు డబ్బాల్లోని వెండి రేకు, దర్జీ కొట్టు ముందు ఊడ్చేసిన గుడ్డ పీలికలు. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది జొన్న సొప్ప. ఎండిన జొన్న దంటు పైబెరడు ఒలిస్తే లోపల తెల్లగా, మెత్తగా బెండు ఉంటుంది. దాన్ని పలుచని బిళ్ళలుగా కోసి, కొన్నిటిని పసుపు నీళ్ళలోనూ కొన్నిటిని గులాబీ రంగులోనూ ముంచి, ఆరబెట్టి దారానికి గుచ్చేది. దూరం నుంచి చూస్తే అవి చేమంతులే అనుకునేవాళ్ళం. మైదాపిండి ఉడికించి జిగురు చేసేది, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. బడి వదలగానే వాళ్ళ అరుగు మీదికే పరుగెత్తేదాన్ని. కాగితాన్ని ఎలా మడిచి ఎక్కడ కోస్తే విప్పినప్పుడు నెమలి వస్తుందో నాకు నేర్పింది ఆమే. నా నెమలికి మెడ తెగిపోతే నవ్వి, దాన్ని బాతును చేసి ఇచ్చేది.

ఒక చలికాలంలో అక్కకే పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది వికారాబాదు. వాళ్ళకు అక్కడ బట్టల దుకాణం ఉండేది. అక్క నాయన గంజిలో, అంటే ధాన్యం బజారులో, కందుల వ్యాపారి, పరువు గల మనిషి. సంబంధం బాగుందని వీధంతా సంతోషించింది. అక్క ఆ నెలలన్నీ తన పందిరి తానే తయారు చేసుకుంది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకూ చేసిన చేయి తన పెళ్ళికి ఎంత చేయాలి! బెండు పూల దండలు గంపల నిండా పేరుకున్నాయి. పందిరి గుమ్మానికి కట్టడానికి పొడవాటి ఎర్రగుడ్డ ఒకటి తీసుకుని, బంగారు రంగు కాగితంతో అక్షరాలు కోసి దాని మీద అంటించింది. ఒక వైపు పెళ్ళికొడుకు పేరు, ఒక వైపు తన పేరు. తన పేరు అంటించేటప్పుడు మాత్రం నన్ను పిలిచి, "నువ్వు పెట్టు చెల్లె, నాకు సిగ్గయితున్నది" అంది. ఆ అక్షరాలు నేనే పెట్టాను, వంకరగా. ఆమె సరిచేయలేదు.

పెళ్ళి దగ్గర పడ్డాక పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు చీర పెట్టడానికి వచ్చారు. తలలో పూలు పెడదామని జడ పైకెత్తిన మనిషికి అక్క మెడ వెనక చింతగింజంత తెల్లమచ్చ కనిపించింది. ఆ మచ్చ ఉన్నట్టు అక్కకే తెలియదు. ఆ వచ్చినామె చేతిలో పూలు చేతిలోనే ఉండిపోయాయి. అంతా లేచి చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అది అంటుకునేది కాదని, ముట్టుకుంటే వచ్చేది కాదని ఈరోజు ఏ డాక్టరైనా చెప్తాడు. అప్పుడు మా వీధికి బొల్లి అన్న ఒక్క మాటే తెలుసు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదనుకుంటాను.

కొన్నాళ్ళకు వికారాబాదు నుంచి కబురు వచ్చింది. ముహూర్తం మార్చక్కర్లేదు, పెద్దపిల్ల బదులు చిన్నపిల్లనిస్తే సంబంధం అట్లాగే ఉంటుంది, పెద్దపిల్ల మాత్రం పందిట్లో కనబడొద్దు. అక్క నాయన ఒక్క పూట ఆలోచించి సరేనన్నాడు. పెళ్ళి రోజు మారలేదు, కొన్న చీరలు మారలేదు, పత్రిక మాత్రం మళ్ళీ అచ్చు వేయించారు. అక్క చెల్లెలికి అప్పుడు పదహారేళ్ళు. ఆమెనూ ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్క ఎర్రగుడ్డ నేల మీద పరుచుకుని కూర్చుని ఉంది. వాళ్ళమ్మ పక్కన నిలబడి, "గింత కష్టపడి చేసినవి ఉన్నయి గద బిడ్డా, పారేస్తమా? పేరొక్కటి మారిస్తె అయిపాయె" అంటోంది. ఆ మాటలో క్రూరత్వం లేదు. ఆవిడకు నిజంగానే అవి వృథా అవుతాయన్న బాధ ఉంది. అక్క తడిగుడ్డ అద్ది తన పేరులోని అక్షరాలను ఒక్కొక్కటే ఒలిచింది. అక్కాచెల్లెళ్ళ పేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఆ మొదటి అక్షరం దగ్గరికి వచ్చి ఆగి, దాన్ని వదిలేసింది. నేను వంకరగా పెట్టిన అక్షరం అది.

నాకు కోపం ఆగలేదు. "అక్కా, గివన్ని చింపి మోరిల పారేద్దమా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "మా చెల్లె ఏం చేసింది? దానికి పందిరి ఉండొద్దా?" అని మళ్ళీ కత్తెర తీసుకుంది.

చెల్లెలి కోసం, ఆ పెళ్ళికొడుకు కోసం బాసింగాలు కూడా ఆమే చేసింది. నుదుట కట్టేవి కనుక అవి బాగుండాలని బెండును గోరంత ముక్కలుగా చెక్కి, బంగారు కాగితం చుట్టి, అంచుకు ముత్యాల్లాంటి తెల్లపూసలు కుట్టింది. అంత అందమైన బాసింగాలు నేను మళ్ళీ చూడలేదు.

పెళ్ళి రోజు పొద్దున అక్కను వెనకగదిలో ఉంచారు. తలుపు వేయలేదు కానీ, దానికి అడ్డంగా ఒక దుప్పటి కట్టారు. నేను కొత్త పరికిణీ కట్టుకుని కూడా పందిట్లోకి పోకుండా ఆమె దగ్గరే కూర్చున్నాను. దుప్పటి పక్కనుంచి పందిరంతా కనిపించేది. గాలికి బెండు పూలు ఊగుతుంటే వచ్చినవాళ్ళు తలెత్తి చూసేవారు. అది చూసినప్పుడల్లా అక్క నా చేయి చిన్నగా నొక్కేది. అంత బాధలోనూ ఆమెకు ఆ సంతోషం ఉంది.

పెళ్ళికొడుకును, పెళ్ళికూతురిని పీటల మీద కూర్చోబెట్టి బాసింగాలు కట్టారు. పెళ్ళికొడుకు తల్లి కొడుకు ముఖం చూసి మురిసిపోయింది. తలెత్తి పందిరంతా చూసి అక్క నాయనతో, "అన్నా, గీ పూలు, గీ బాసింగాలు ఎక్కడికెల్లి తెచ్చిన్రు? మా దిక్కు గిట్లాంటియి నేనెన్నడు సూడలే" అంది.

ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "పట్నంకెల్లి తెప్పించిన అక్కా" అన్నాడు. పట్నమంటే మాకు హైదరాబాదు. పక్కనే మా వీధివాళ్ళంతా ఉన్నారు. బెండు ఎవరు కోశారో, జిగురు ఎవరు ఉడికించారో అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. ఒకరిద్దరు అవునన్నట్టు తలలు కూడా ఊపారు.

అక్క నా చేయి నొక్కడం ఆపేసింది. పెళ్ళికూతురు మారినప్పుడు ఏడవని మనిషి, పేరు ఒలుచుకున్నప్పుడు ఏడవని మనిషి, ఆ మాట విని లేచి నిలబడింది. నా చేయి విడవకుండానే దుప్పటి తప్పించుకుని పందిట్లోకి నడిచింది. సన్నాయి వాయించేవాళ్ళు ఆగిపోయారు.

"పట్నంకెల్లి రాలే అత్తమ్మా" అంది. గొంతు పెంచలేదు. "అన్ని నేనే చేసిన. మీ కొడుకు నొసటి మీది బాసింగం గూడ గీ చేతులతోనే చేసిన."

పెళ్ళికొడుకు తల్లి ముందు అక్క ముఖం, తర్వాత అక్క చేతులు చూసింది. "తియ్యిరా! ముందు తియ్యి దాన్ని!" అని కొడుకు మీద అరిచింది. పెళ్ళి చేయించే అయ్యగారు ముహూర్తం దాటిపోతుందని బతిమాలారు. ఆమె వినలేదు. పెళ్ళికొడుకు తల వంచుకునే చేతులు వెనక్కి పెట్టి, ముడి తానే విప్పుకున్నాడు. అక్కను రెండుసార్లు చూసి ఇష్టపడ్డానని చెప్పిన మనిషి అతను. ఎవరో వచ్చి చెల్లెలి నొసటిదీ విప్పారు. ఆ పిల్ల కళ్ళు ఎత్తలేదు, కన్నీళ్ళు మాత్రం ఒళ్ళో పడుతూ ఉన్నాయి. బజారుకు సైకిలు మీద మనిషిని పంపించారు. అతను తెచ్చిన అట్టముక్కల బాసింగాలు కట్టాక గానీ పెళ్ళి నడవలేదు. అక్క చేసినవి పీటల పక్కన మట్టిలో పడి, అక్షతలు వేయడానికి వచ్చినవాళ్ళ కాళ్ళ కింద నలిగాయి. పై నుంచి వేలాడే దండలు తెంపడానికి సమయం లేక వాటిని అలాగే వదిలేశారు.

ఇదంతా జరుగుతుండగానే మా అమ్మ గుంపులోంచి వచ్చింది. అక్క చేతిలోంచి నా చేతిని లాగేసుకుంది. నన్ను ఒక మూలకు తీసుకుపోయి, తన కొంగుతో నా రెండు అరచేతులూ గట్టిగా తుడిచింది. ఒకసారి తుడిచి, సరిపోలేదన్నట్టు మళ్ళీ తుడిచింది. అక్క మమ్మల్నే చూస్తూ ఉంది. నిన్నటిదాకా ఆ ఇంట్లో కూర్చుని, అక్క పోసిన చాయ్ తాగిన మనిషి మా అమ్మ. మా అన్న పెళ్ళి పందిరి కూడా అక్క చేతులతో చేసిందే. అక్క తిరిగి వెనకగదిలోకి వెళ్ళి, దుప్పటి తానే సరిగ్గా కట్టుకుంది.

మర్నాడు పందిరి విప్పుతుంటే మా అమ్మ కన్ను కప్పి వాళ్ళింటికి వెళ్ళాను. అక్క నిచ్చెన ఎక్కి దండలు దింపుతోంది. వాళ్ళ నాయన రాత్రి నుంచి ఆమెతో మాట్లాడటం లేదని, ఇక మాట్లాడేలా లేడని వాళ్ళమ్మ ఏడుస్తోంది. నాకు భయమేసింది. "ఊకుంటె అయిపోతుండె గద అక్కా, ఎందుకు చెప్పినవు?" అని అడిగాను.

ఆమె నిచ్చెన మీదే కూర్చుంది. నేను చిన్నపిల్లనని తేలిగ్గా తీసిపారేయలేదు.

"చెప్తె ఏమైంది చెల్లె? బాసింగం పోయింది" అంది. "చెప్పకపోతె నేనే పోతుంటి."

ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. దాన్ని నేను పెద్దయ్యాక కొంచెం కొంచెంగా తెలుసుకున్నాను.

ఆ తర్వాత అక్కను ఎవరూ పెళ్ళిళ్ళకు పిలవలేదు. అయితే, ఆమె పూలు లేకుండా ఉండలేనివాళ్ళు ఒకరిద్దరు చాటుగా వచ్చారు. చేసి ఇవ్వమని, ఎవరు చేశారో మాత్రం బయటికి చెప్పబోమని అన్నారు. అక్క, "నా పేరు చెప్పి కట్టుకుంటె చేస్త, లేకుంటె లేదు" అని పంపించేసింది. అక్క వాళ్ళ నాయన బతికున్నంత కాలం ఆమెతో మాట్లాడలేదు. ఆయన పోయాక ఆమె బంట్వారంలో మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడి బడిపిల్లలకు కాగితం పూలు నేర్పేదని, జెండా పండుగకు బడంతా వాళ్ళచేత అలంకరింపజేసేదని విన్నాను. ఆమెకు పెళ్ళి కాలేదు. మచ్చ ముఖం మీదికీ చేతుల మీదికీ పాకిందట. కొన్నేళ్ళ కింద పోయింది. నాకు కబురు తెలిసేసరికి పదో రోజు కూడా అయిపోయింది.

నా జీవితంలో నాకూ కొన్ని వెనకగదులు ఎదురయ్యాయి. మర్పల్లిలో మా అత్తగారింట్లో నా చేతి పనిని ఇంకొకరి పేరు మీద చెప్పుకున్న సందర్భాలు వచ్చాయి. అలాంటప్పుడు నేను ఊరుకోలేదు. నేనే చేశానని చెప్పాను. అలా చెప్పినందుకు కొందరు దూరమయ్యారు. దూరమైనవాళ్ళు మళ్ళీ దగ్గర కాలేదు. అక్క చెప్పిన మాట నిజమే, కానీ దానికి ఖర్చు ఉంటుందని కూడా ఆమె బతుకే చూపించింది.

మా అమ్మ ముసలితనంలో నా దగ్గరే ఉంది. ఒకరోజు ఆమెకు అన్నం కలిపి పెడుతూ ఆ సంగతి ఎత్తాను. పందిట్లో నా చేతులు ఎందుకు తుడిచావమ్మా అని అడిగాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, "ఏ చేతులు బిడ్డా? నాకు యాదికి లేదు" అంది. దాచిపెట్టడం కాదు, ఆమెకు నిజంగానే గుర్తులేదు. మా వీధిలో మిగిలినవాళ్ళను అడిగినా అదే అనేవారేమో. ఒక మనిషి బతుకును అంత తేలిగ్గా తుడిచేసినవాళ్ళకు అది జ్ఞాపకం పెట్టుకోదగ్గ పనిగా కూడా తోచలేదు. ఆమె జవాబుకు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా ఆమెకు అన్నం పెట్టాను, ఆమె మూతి తుడిచాను.

ఇప్పుడు నాకూ వయసైపోయింది. ఆ రోజు నుంచి నాకు అంటుకున్న అలవాటు ఒకటే. ఎవరైనా నా చేయి పట్టుకుంటే, వాళ్ళంతట వాళ్ళు వదిలేదాకా నేను వదలను.