గాజు గిన్నెలో బెల్లంనీళ్లు

నిన్న సాయంత్రం వత్తుల స్టవ్వు చిటపటలాడి ఆరిపోతే, నీళ్లు కలిసిన గ్యాసునూనె, అదే కిరసనాయిలు, తెచ్చావని పనిమనిషి లచ్చవ్వను మందలిస్తున్నాను. తలుపు పక్కన నిలబడ్డ నా ఐదేళ్ల కూతురు చేతులు వెనక్కి దాచుకొని నేలచూపులు చూసింది. దాని గౌను నుంచి గ్యాసునూనె వాసన వచ్చింది. స్టవ్వు భగ్గుమని ఉంటే అన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆ చూపును గుర్తుపట్టిన భయం. లచ్చవ్వ చెంగుతో చేతులు తుడుచుకొని వెళ్లిపోయింది. నేను పిలవలేదు. ఇవాళ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఆసిఫాబాద్ దగ్గర మా ఊళ్లో, పశువుల కొట్టం చివర, గోనెపట్టాల కింద తాత కొన్న ట్రాక్టర్ మూడేళ్లుగా పడి ఉండేది. రజాకార్ల కాలంలో పెట్రోలు దొరక్క ఆపేశారు. తాత పోయాక ఎవరూ ముట్టలేదు. దాని ఇనుప సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టేవి, పొగగొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి, వానాకాలమంతా తడిసిన గోనె, పేడ, తుప్పు కలిసిన ఆ వాసనలో మేము దాగుడుమూతలు ఆడేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపు, అంటే మా నాన్న, దాన్ని నడిపించాలని మంచిర్యాల నుంచి కాసిం మిస్త్రీని పిలిపించాడు. ఆయన పెట్రోలు డబ్బా వెంట తెచ్చుకొని మా అరుగు మీదే మకాం పెట్టాడు. గొట్టంలోని గూడు పొడిచి తీశాడు, ట్యాంకులో గులకరాళ్లు వేసి ఊపి తుప్పు రాల్చాడు, బిగుసుకుపోయిన ఇంజనులో నూనె పోసి నాననిచ్చాడు.

"గిది గడ్డి తినది, పేడ పెట్టది, దీనికెందుకు గింత పరేషాన్?" అని మా అమ్మ, అవ్వ, నవ్వేది.

"పదెడ్ల పెట్టు గిదొక్కటే అక్కా, జర ఓపిక పట్టు" అనేవాడాయన.

మూడోనాటి సాయంత్రం ముందున్న ఇనుప కడ్డీ పట్టి తిప్పితే అది దగ్గి, నల్లపొగ కక్కి, కొట్టం అదిరేలా మోగింది. బాపు చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. తెల్లారితే పొలాల అమావాస్య, ఎడ్ల పండుగ. అది దాటాక చేనుకు తోలుదామని ఆపేశారు.

పండుగనాడు ఎడ్లను వాగులో కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, మోదుగాకుల్లో బెల్లం కలిపిన జొన్నగుడాలు పెట్టి మొక్కారు. పదెడ్ల పెట్టయిన దానికి మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. నాకు జాలేసింది. చెంబెడు బెల్లంనీళ్లు కలిపి, మిస్త్రీ పెట్రోలు పోస్తుంటే చూసిన ఆ మూత తిప్పి, అందులో పోశాను.

మర్నాడు ఊరంతా చూస్తుండగా ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మిస్త్రీ ట్యాంకు కింది చిన్న గాజు గిన్నె విప్పాడు. పైన పెట్రోలు, అడుగున విడిగా గోధుమరంగు నీళ్లు.

"పెట్రోలు అమ్ముకొని నీళ్లు నింపినవా కాసిం?" అన్నాడు బాపు. ఆయన చేతిలో ఎడ్లను తోలే చెర్నాకోల ఉంది.

"నా పిల్లల మీద ఒట్టు పటేలా, నేను గసొంటోన్ని గాదు."

మిస్త్రీ గిన్నె అడుగున వేలు ముంచి నాలుకకు తగిలించుకున్నాడు. తలెత్తి చుట్టూ చూసి, నా దగ్గర ఆగాడు. నా లంగా మీది బెల్లం మరక చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. తర్వాత చెర్నాకోలను చూశాడు. తియ్యగా ఉందని ఒక్క మాట అంటే ఆయన పేరు నిలిచేది. అనలేదు. నేను నేలచూపులు చూశాను. ఆయన పానాలు గుడ్డలో మూటగట్టుకొని, అప్పుడే మొదలైన వానలో బస్సు కోసం నడిచిపోయాడు. బాపు సంతలో అందరికీ చెప్పాడు. మా చుట్టుపక్కల ఊళ్లు మళ్లీ ఆయన్ని పిలవలేదు.

కాలేజీకి వెళ్లేటప్పుడు బస్సు మంచిర్యాలలో ఆగిన ప్రతిసారీ దిగి వెతుకుదామనుకునేదాన్ని. దిగలేదు. ఇప్పుడు కొట్టం లేదు, ట్రాక్టరు తుక్కు కింద పోయింది, బాపు లేడు. కాసిం మిస్త్రీ కూడా లేడని పోయినేడు విన్నాను.

ఈ ఉదయం లచ్చవ్వ పనికి రాలేదు. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. "గా నీళ్లు పోసింది నేనే. మీ తాతకు సుత ఎన్నడూ చెప్పలే. ఇప్పుడు లచ్చవ్వ ఇంటికి పోదాం. ముందు నా తప్పు నేను ఒప్పుకుంట. అటెన్క మీకేమన్న చెప్పేదుంటే చెప్పుండ్రి. మన ఇంట్ల చెర్నాకోల లేదు."