గాలి తగ్గిన టైరు

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే కిరాయి కారులో నా పక్కన ఒక నడివయసు ఆమె కూర్చుంది. అడవి మొదలయ్యాక స్టీరింగ్ ముందు పసుపు దీపం వెలిగింది. టైరులో గాలి తగ్గిందని హెచ్చరిక.

"చలికి గట్లనే వస్తదమ్మా, ఏం గాదు," అన్నాడు డ్రైవర్.

"ఆపు బిడ్డా!" అందామె. "ఆ దినం గూడ గిట్లనే దీపం వెలిగి మా ఆయన ఆపుతనంటే, పెండ్లికి ఆలస్యమైతదని నేనే పోనియ్యమన్న. ఈ తొవ్వలనే టైరు పేలి కారు బోల్తా పడ్డది. ఆయన పోయిండు."

డ్రైవర్ కారు పక్కకు తీసి ఆపాడు. వెనక టైరులో మేకు దిగి ఉంది. అతను స్టెప్నీ బిగించిన పది నిమిషాలూ ఆమె పక్కనే నిలబడి కన్నార్పకుండా చూసింది.

"అయిపోయిందమ్మా, ఎక్కుండ్రి," అన్నాడు.

ఆమె కదల్లేదు.

"గింత జల్దీ అయితదా?" అని అడిగింది.