వకాలత్ లేని మాట

మా అప్పను, అదే మా పెద్దక్కను, ఆ లాయరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. బావ పోయాక ఆయన తమ్ముడు దావా వేశాడు. పూరీ గేట్ పేటలోని ఇంటిని బావ అప్ప పేర రాసిన దానపత్రం చెల్లదని అతని వాదన. అది పోతే అప్పకు ఉండడానికి వేరే చోటు లేదు.

బెంగాల్‌లోని ఈ రైల్వే ఊళ్లో లాయరు మన తెలుగువాడే. వాళ్ల నాన్న, మా నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పక్కపక్కన పనిచేశారు. నేను విలేకరిగా తిరిగే రోజుల్లో ట్రాఫిక్ పేటలో టీ తాగుతూ నన్ను ఆటపట్టించేవాడు: "మీ పేపరోళ్లకి సెప్పిన మాట తెల్లారేసరికి ఊరంతా సదివేస్తాది. మాది ఇనప బీరువా గురూ!"

న్యూ సెటిల్‌మెంట్‌లో లాయరు ఇంటి వరండాలో అప్ప ఏదో చెప్పబోయి ఆగిపోతోంది. "అన్నీ సెప్పీ అప్పా, బయటికి పోదు" అన్నాను. అప్పుడు చెప్పింది. దానపత్రం నాటికి బావకు పక్షవాతం. ఆయన అడిగితేనే, చెయ్యి పట్టుకుని తాను సంతకం పెట్టించింది.

తన తరఫున వాదించమని రాసిచ్చే వకాలత్ మీద సంతకం పెట్టమంటావా అని అప్ప అడిగితే లాయరు నవ్వాడు. "మనలో మనకి కాయితాలేటప్పా?"

మాకది మర్యాదగానే తోచింది. బెంగాలీ లాయరైతే మొదటిరోజే అడిగి పెట్టేవాళ్లం.

రెండు నెలలకు, తీరిక లేదు, ఇంకొకరిని చూసుకోండన్నాడు. చూసుకున్నాం. మేదినీపూర్ కోర్టులో అప్ప సాక్ష్యం చెప్పే రోజున బావ తమ్ముడి తరఫున లేచింది ఆయనే. ముందు అప్పకు నమస్కారం పెట్టాడు. తర్వాత బెంగాలీలో అడిగాడు, సంతకం పెట్టేటప్పుడు మీ ఆయన చెయ్యి ఎవరు పట్టుకున్నారని.

అప్ప ముందు సలహాకు వెళ్లింది ఈయన దగ్గరికేనని మా కొత్త లాయరు అభ్యంతరం చెప్పాడు. ఈమె నా క్లయింటైతే వకాలత్ చూపించమన్నాడు ఆయన. మా దగ్గర లేదు. జవాబు చెప్పమన్నారు జడ్జి.

ఆ గదిలో నిజం తెలిసినవాళ్లం ముగ్గురమే. కావాలంటే అప్ప కాదనేయొచ్చు. అనలేదు. ఆయన మొహంలోకి చూసి తెలుగులోనే అంది, "నానే పట్టుకున్నాను. నీకు సెప్పినాను కదా బాబూ." తర్వాత బెంగాలీలో చెప్పింది.

బయట మెట్ల మీద నేను ఆపితే ఆయన గొంతు తగ్గించలేదు. "ఏటి సేస్తాం గురూ, వకాలత్ ఆళ్లిచ్చినారు."

సలహా కోసం వచ్చిన మనిషి చెప్పింది, కాగితం ఉన్నా లేకున్నా, లాయరు దాచాల్సిందే. ఆ నియమం నేను చదివింది ఆ తర్వాతే. తీర్పు ఇంకా రాలేదు. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసి అప్ప ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"ఒకటి వొదిలేసినావు తమ్ముడూ. బయటికి పోదని నాకు సెప్పింది ఆయన కాదు, నువ్వు. అదీ రాయి."

రాశాను. అప్పుడు సంతకం పెట్టింది.