గూట్లో తిరిగిన బుష్

సెకొందినా బరాలే ట్యూరిన్‌లోని ఒక కార్ల కర్మాగారంలో పదకొండేళ్లుగా అరుగుదల కొలుస్తోంది. పరీక్ష కారు కొండదారుల్లో ఇరవై వేల కిలోమీటర్లు తిరిగొచ్చాక దాన్ని విప్పి, ముక్కముక్కా ఆమె బల్ల మీద పెట్టేవారు. ఏది ఎంత అరిగిందో, ఎందుకు అరిగిందో ఆమె రాయాలి. మగవాళ్లు యుద్ధానికి వెళ్లినప్పుడు తాత్కాలికంగా కూర్చోబెట్టారు. వాళ్లు తిరిగొచ్చాక లేవమంటే లేవలేదు.

1926 వసంతంలో కొత్త రకం కారు మోన్చెనీజియో కనుమ ఎక్కి దిగి వచ్చింది. బండి బరువు మోసే ముందు కమాను కట్టల కొనల్లోని పిన్నులు ఒకవైపే కొరికేసినట్టు అరిగిపోయి ఉన్నాయి. వాటి నమూనా గీసిన ఇంజినీరు పెయ్రెట్టి ఒక్క చూపులో తేల్చేశాడు.

"గ్రీజు పెట్టలేదు. డ్రైవరు దెల్ఫీనో సోమరితనం. అలాగే రాసెయ్."

"రోజూ పెట్టాను మదామా, మా అమ్మ మీద ఒట్టు!" అన్నాడు దెల్ఫీనో, టోపీ నలుపుకుంటూ.

"మధ్యలో మీ అమ్మెందుకయ్యా? ఉండు, ఇనుముని అడుగుదాం."

పిన్ను చుట్టూ ఉండే కంచు బుష్‌ను బయటికి కొట్టించింది. గూట్లో కదలకుండా బిగిసి ఉండాల్సిన దాని వెలుపలి ముఖం అద్దంలా మెరుస్తోంది.

"చూశారా ఇంజినీరు గారూ, బుష్ గూట్లోనే తిరిగిపోయింది. గ్రీజు లోపలికి వెళ్లే దాని బెజ్జం పక్కకి జరిగింది. ఎంత గ్రీజు ఎక్కించినా లోపలికెక్కడ పోతుంది? తప్పు బిగింపుది. ఆ బిగింపు మీ గీతలోది."

"ఇదంతా నీకు ఏ బళ్లో చెప్పారు?"

"బళ్లో కాదండీ, ఈ బల్ల దగ్గరే."

పెయ్రెట్టి ఆమె కాగితం చింపేసి తనే ఇంకోటి రాసుకున్నాడు. దెల్ఫీనోను పనిలోంచి ఆపేశారు. సెకొందినాను ముక్కలు కడిగే తొట్ల దగ్గరికి తోలారు.

"చేతులు కిరోసిన్‌లో నానితే నోరు మెత్తబడుతుందిలే," అన్నాడు పెయ్రెట్టి.

"చేతులే నానతాయండీ," అని ఆమె చొక్కా చేతులు పైకి లాక్కుంది.

మూడు వారాలకు రెండో కారు వచ్చింది. ఈసారి దాన్ని నడిపింది పెయ్రెట్టి తనే ఏరి కోరి పంపిన డ్రైవరు. ఏ ముక్కయినా ముందు తొట్టి దగ్గరికే కదా రావాలి. ఆమె బుష్‌తో సహా ఒక పిన్ను ఊడదీసింది. బెజ్జం దగ్గర గ్రీజు ముద్ద గట్టిపడి ఉంది. లోపలి పిన్ను మాత్రం ఎండిపోయి ఎర్రబారింది. వాటిని అలాగే, ఏప్రన్ చాటున కాదు, రెండు చేతుల్లో అందరికీ కనబడేలా పట్టుకుని డైరెక్టరు గది వైపు నడిచింది.

మెట్ల మీద పెయ్రెట్టి అడ్డం వచ్చాడు. "కడక్కుండా ఎక్కడికి?"

"కడిగితే సాక్ష్యం పోతుంది."

"కడగమని ఆజ్ఞ ఇస్తున్నాను!"

"విన్నాను. కడగను. తప్పుకోండి, మీ చొక్కాకి అంటుతుంది."

అతను తప్పుకున్నాడు. డైరెక్టరు ఆ గ్రీజు ముద్దను వేలితో పొడిచి చూశాడు, ఎండిన పిన్నును చూశాడు. చివరికి బుష్ తిరగకుండా ఒక మరమేకు బిగించమన్నాడు. దెల్ఫీనోను పిలిపించమన్నాడు. ఆమెను తన బల్లకు వెళ్లమన్నాడు.

"వెళ్లనండీ. ముందు ఆ నివేదికలో దెల్ఫీనో సోమరి అన్న మాట కొట్టెయ్యాలి. రాసిన చేత్తోనే."

పెయ్రెట్టి చెవులు కందిపోతుండగా కొట్టేశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త గీత ఏది గీసినా, పరీక్షించిన ముక్కలను మాత్రం ఆమెకే పంపించేవాడు.