చెప్పులతో ఎక్కనివ్వని దానియేలు

దోహాలో ఎవరితోనైనా అల్ రువైస్ పేరెత్తి చూడండి, మొహం అదోలా పెడతారు. ముషైరిబ్‌లో బిర్యానీ తింటూ ఒకడు అననే అన్నాడు: "అక్కడేముందిరా? గాలి, ఉప్పు, పిల్లులు!" ఖతార్ ఉత్తరం కొసన రోడ్డు అక్కడితో అయిపోతుంది, నిజమే. ఒక రేవు, ఒక కరక్ చాయ్ దుకాణం. మధ్యాహ్నమైతే వీధిలో మనిషి కనబడడు. డిగ్రీ సగంలో వదిలేసి వచ్చిన నేను ఆ రేవులోనే లాంచీలకి ఐసు మోస్తున్నాను. ఏమీ లేని ఊరన్నవాళ్లకి దానియేలు తెలీదు, అంతే.

దానియేలుది ఉప్పాడ. ఒక ఖతారీ పెద్దాయన లాంచీ నడుపుతాడు. ఇనప తీగతో గుమ్మటంలా అల్లిన చేపల బోన్లని ఇక్కడ గర్గూర్లంటారు. వాటిని సముద్రంలో దింపడం, చేపలు పడ్డాక పైకి లాగడం, అదే పని. సెలవు దొరికిన శుక్రవారం దోహా చర్చికి బస్సెక్కుతాడు. ఎవరితోనూ పేచీ లేదు. పట్టింపు మాత్రం ఒకటుంది. లాంచీ మీదికి ఎవరూ చెప్పులతో ఎక్కకూడదు. దానియేలు కింద పనిచేసే బెంగాలీ కుర్రాళ్లు కూడా గట్టు మీదే విప్పేస్తారు.

"యేసయ్యకి చెప్పులంటే పడదా బాబాయ్?" అని ఏడిపించాను ఒకసారి.

"ఆయనకేం ఇబ్బంది లేదురా. పడవకుంది," అన్నాడు.

పోయిన చలికాలం యజమాని కొత్తగా ఫసీయుద్దీన్‌ని మేనేజరుగా పెట్టాడు. బోధన్ మనిషి. ఎప్పుడూ తళతళలాడే బూట్లు. ఒక శుక్రవారం అల్ వుకైర్ నుంచి తనకి తెలిసిన కుటుంబాన్ని షికారుకని తీసుకొచ్చాడు. చర్చి మానేసి డ్యూటీకి వచ్చాడు దానియేలు. లాంచీలోకి ఎక్కే పలక మీద కాలు పెట్టబోయిన మేనేజరుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బూట్లు సార్."

"ఏంది? నేను మేనేజర్ని!"

"ఎవరైనా అంతేనండి."

"చర్చికి పోతవ్, మల్ల ఈ పిచ్చేంది నీకు?"

"అన్నం పెట్టే పడవండి ఇది. మీరు కంచంలో కాలు పెడతారేంటి?"

గట్టు మీదున్న మేమంతా నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. ఫసీయుద్దీన్ మొహం కందిపోయింది. "గెస్టుల ముందట ఇజ్జత్ తీస్తవా? యల్లా, జరుగు! లేకుంటే రేపటి సంది ఈ లాంచీ నీది కాదు, చెప్తున్న."

దానియేలు జరగలేదు. వచ్చినవాళ్లలో పెద్దావిడ చూసి చూసి, "దీనికింత గొడవెందుకయ్యా" అంటూ చెప్పులు విప్పింది. పిల్లలు అప్పటికే ఉత్తకాళ్లతో ఎగురుతున్నారు. అందరూ ఎక్కేశారు. మేనేజరొక్కడే గట్టు మీద మిగిలాడు.

"విప్పేసి రండి సార్, మీకోసం ఆగుతాం," అన్నాడు దానియేలు. వెటకారం కాదు, నిజంగానే పిలిచాడు.

ఆయన చేతులు కట్టుకుని ఎటో చూశాడు. కాసేపు చూసి దానియేలు ఇంజను వేశాడు. లాంచీ కదిలాక, "ఆపు! ఆపురా!" అని కేకలు. ఇంజను చప్పుడులో వినబడలేదంటాడు దానియేలు. నేను నమ్మను.

మర్నాడే అన్నంత పనీ చేశాడు మేనేజరు. లాంచీని ఇంకొకడికి అప్పగించాడు. దానియేలుని ఒడ్డున గర్గూర్లు అల్లే పనిలో కూర్చోబెట్టాడు. చిన్నప్పటి నుంచీ నీళ్ల మీదే ఉన్న మనిషికి అదెంత శిక్షో నాకు తెలుసు. లాంచీ రేవు దాటుతుంటే చేతిలో తీగ ఆగిపోతుంది, కనుమరుగయ్యేదాకా. "ఒక్క సారీ పడెయ్ బాబాయ్, ఏం పోతుంది?" అన్నాను. నన్ను చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొత్తవాడికి బోన్లు ఎక్కడ దించాలో తెలీక సగం ఖాళీగా లేస్తున్నాయి. యజమాని అడిగాడో ఏమో, నిన్న మేనేజరే దిగొచ్చాడు. చుట్టూ పరచి ఉన్న తీగల మధ్య నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు: "తప్పయిందని ఒక్క ముక్క చెప్పు దానియేలూ. రేపే నీ లాంచీ నీకిస్త."

దానియేలు తలెత్తలేదు.

"తీగ తొక్కుతున్నారు సార్. కొంచెం జరగండి."